డెబ్బై పౌండ్ల విల్లు

మా బావకు వేటగాడు కావాలన్న కోరిక నలభై దాటాక పుట్టింది. అంతకుముందు ఆయన చేతుల్లో చచ్చినవి దోమలు మాత్రమే. ఒకసారి బాత్రూంలో తేలు దూరితే దాన్ని అక్క చీపురుతో కొట్టి చంపింది. బావ స్టూలెక్కి నిలబడి, ఎక్కడ కొట్టాలో చెప్పాడు.

వాళ్ళది ఉప్పల్‌లో పాత కుటుంబం. ఉప్పల్ ఇంకా ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నారు. పొలాలు ఒక్కొక్కటే కాలనీలైపోయాక మిగిలింది ఒక మూడంతస్తుల ఇల్లు, దాని కింద అద్దెకిచ్చిన షటర్లు, ఘట్‌కేసర్ దాటాక ఒక మక్కచేను. అద్దెలతో ఇల్లు గడిచిపోయే మనిషికి పొద్దు గడవడమే పెద్ద పని. ఆ పనిలో సాయానికి ఆయనకు ఇద్దరు దోస్తులుండేవారు. ముగ్గురూ పొద్దున్నే హోటల్లో కూర్చొని, చాయ్ మీద చాయ్ తాగుతూ, దేశంలో ఎవరు ఏం చేయాలో తేల్చేసి మధ్యాహ్నం భోజనానికి ఇళ్ళకు వచ్చేవారు.

ఒక వానాకాలం అడవిపందులు ఆ మక్కచేను మీద పడ్డాయి. కౌలుకు చేసే పెద్దమనిషి ఫోన్ చేసి, కంకులు పాలు పట్టే వేళకు చేనంతా తొక్కిపోతున్నాయని మొత్తుకున్నాడు. ఇంకొకరైతే కంచె వేయించేవారు. చుట్టూ పాత చీరలు కట్టించేవారు. మా బావ వేటకు సిద్ధమయ్యాడు.

తుపాకీకి లైసెన్స్ కావాలి, విల్లుకు ఎవడూ అడగడని దోస్తుల్లో ఒకడు చెప్పాడట. అడవి జంతువును దేనితో కొట్టినా నేరమే కదా అని నేనన్నాను.

“గది అడివిల, మర్దలా. ఇది నా చేను. నా చేన్లకొచ్చినంక అది నా పంది” అన్నాడు బావ.

పైగా తమది షికారీ ఖాన్‌దాన్ అన్నాడు. వాళ్ళ తాత చిరుతను కొట్టాడని చెప్పాడు. ఆ తాత కొట్టింది బావిలో పడ్డ నక్కననీ, కొట్టేసరికే అది నీళ్ళు మింగి చచ్చి ఉందనీ వాళ్ళమ్మ బతికున్నప్పుడు నాకు స్వయంగా చెప్పింది.

నేనప్పుడు నాచారంలో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేదాన్ని. నా బల్ల మీద కంప్యూటర్, దానికి ఇంటర్నెట్ ఉండేవి. అదే నా పాపమైంది. లంచ్ వేళకు బావ గేటు దగ్గర దిగి, వాచ్‌మన్‌తో “లోపల మా మర్దలున్నది” అని చెప్పి నేరుగా వచ్చేసేవాడు. నేను డబ్బా విప్పి అన్నం తింటుంటే, పక్కన కుర్చీ లాక్కొని విల్లుల బొమ్మలు చూపించమనేవాడు.

ఆయనకు కావలసింది మన జాతరల్లో అమ్మే వెదురు విల్లు కాదు, కాంపౌండ్ విల్లు. దానికి పైన ఒకటి, కింద ఒకటి గిలకలుంటాయి. తాడు లాగుతుంటే సగం దాకా బరువుగా వచ్చి, గిలకలు తిరిగాక చేతికి తేలికవుతుంది. అప్పుడు నిదానంగా గురి చూసుకోవచ్చు. ఇదంతా నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. బావ వినలేదు. ఆయన చూపంతా రంగుల మీద ఉంది. ఒకదాని మీద ఆకులూ కొమ్మలూ అచ్చేసి ఉన్నాయి.

“ఇది పట్టుకుంటే పందికి కనవడమా?” అన్నాడు.

“విల్లు కనబడదు బావా. నువ్వు కనబడతవ్.”

“నవ్వకు. గీ పౌండ్లంటే ఏంది?”

తాడు పూర్తిగా లాగడానికి ఎంత బలం కావాలో ఆ లెక్క అని చెప్పాను. అన్నిటికన్నా ఎక్కువ ఎంత ఉందో చూడమన్నాడు. ఆ పేజీలో డెబ్బై ఉంది. “గంతే, డెబ్బై” అన్నాడు, పప్పు తూకం వేయించుకున్నట్టు.

సికింద్రాబాద్‌లో ఆటసామాన్ల దుకాణమొకటి బయటి దేశాల విల్లులు తెప్పిస్తుందని తెలిసింది. ఒక శనివారం నన్నూ తీసుకెళ్ళాడు. ఇంగ్లీషులో ఏమైనా అడగాల్సొస్తే పనికొస్తానని. దోస్తులు కూడా వచ్చారు. ముగ్గురూ మిలటరీ రంగు చొక్కాలు కొత్తవి కుట్టించుకున్నారు.

దుకాణంవాడు కళ్ళద్దాల మనిషి, మర్యాదస్థుడు. షికారుకైతే అమ్మనని ముందే చెప్పాడు. పోటీలకు ప్రాక్టీసని బావ అబద్ధమాడాడు. ఆ పొట్టను చూసి అతను నమ్మి ఉండడు. అయినా వ్యాపారం వ్యాపారమే కనక, బావను గోడకానుకొని రెండు చేతులూ చాపమన్నాడు. ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా టేపుతో కొలిచి, దాన్ని బట్టి ఎంత పొడవు లాగే విల్లు కావాలో చెబుతారట. టేపు పడేసరికి బావ గోళ్ళు సైతం చాచాడు. ఊపిరి బిగబట్టాడు. మడమలు కూడా లేపాడు, మడమలకూ చేతుల పొడవుకూ ఏం సంబంధమో మరి.

“ఇరవై ఏడు ఇంచులు సార్. బరువు నలభై ఐదుతో మొదలుపెట్టండి” అన్నాడు దుకాణంవాడు.

బావ ముఖం మాడిపోయింది. దోస్తులు ఆయన వైపే చూస్తున్నారు.

“నలభై ఐదా? ఆడోళ్ళకిచ్చేది నాకిస్తున్నవా?”

“ఆడామగా కాదు సార్. కొత్తవాళ్ళందరికీ అంతే. ఎక్కువ పొడవు తీసుకుంటే తాడు చేతికి కొడుతుంది.”

“నా చెయ్యి నేను సూసుకుంట. ముప్ఫై ఇంచులది తియ్యి. డెబ్బై పౌండ్లు.”

అతను నా వైపు చూశాడు. నేను గోడకున్న షటిల్ బ్యాట్ల వైపు చూశాను. బట్టల దుకాణంలో పట్టకపోయినా చిన్న సైజు జాకెట్టే కావాలనే ఆడవాళ్ళ మీద మగవాళ్ళు ఎన్ని జోకులు వేస్తారు! ఆ రోజు మూడు మిలటరీ చొక్కాలు, లేని మూడు ఇంచుల కోసం పడిన తంటా నేను చూశాను. చివరికి ఆకులూ కొమ్మలూ అచ్చేసిన ముప్ఫై ఇంచుల డెబ్బై పౌండ్ల విల్లు, డజను బాణాలు, నల్ల సంచీ కొని కారులో పడుకోబెట్టారు. బావ దోస్తులిద్దరినీ ఆటోలో రమ్మని, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వెనక సీటు విల్లుది.

ప్రాక్టీసు ఇంటి డాబా మీద మొదలైంది. బస్తాలో పాత బట్టలు కుక్కి పిట్టగోడకు ఆనించారు. బావకు తాడు నేరుగా లాగడం చేతకాలేదు. విల్లును ఆకాశానికెత్తి, నడుం వెనక్కి వంచి, పళ్ళు బిగించి, మూలుగుతూ కిందికి దించేవాడు. ఒకసారి అలా దించకముందే చెయ్యి జారింది. బాణం పిట్టగోడ దాటి, సందు దాటి, ఎదురింటి డాబా మీది నల్ల నీళ్ళ ట్యాంకులో దిగబడింది. ట్యాంకులోని నీళ్ళు బాణం చుట్టూ సన్నగా కారడం మొదలైంది. ఎదురింటావిడ బయటికొచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వాటిలో ఒక్కటీ అనవసరమైనది లేదు.

దుకాణంవాడు చెప్పినట్టే తాడు మోచేతి కింద కొట్టింది. మొదట ఎర్రగా, తర్వాత నేరేడుపండు రంగులో కమిలింది. ఎవరైనా అడిగితే బోరు మోటరు దగ్గర దెబ్బ తగిలిందని చెప్పేవాడు. అక్క కాపడం పెడుతూ “మోటరు గింత గురి సూసి కొట్టిందా?” అంది. మా అక్క తక్కువ మాట్లాడుతుంది. అప్పటికింకా ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

ఒక ఆదివారం చేనుకు వెళ్ళాం. వేటంటే బావ దృష్టిలో పిక్నిక్కే. కోడికూర, కల్లు, చాపలు, అక్క, నేను, దోస్తులిద్దరు. కౌలుకు చేసే పెద్దమనిషి పందులు వచ్చే దారి చూపించి తన ఇంటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఎండ వాలాక బావ చేను గట్టున ఉన్న కొట్టం గోడ చాటున విల్లుతో కూర్చున్నాడు. మేము లోపల కిటికీ దగ్గర.

పందులు నిజంగానే వచ్చాయి. ముందొక ఆడపంది, దాని వెనక చారల పిల్లలు. బావ విల్లును ఆకాశానికెత్తలేదు. ఎత్తితే అవి చూస్తాయని భయం. కూర్చునే ఎలాగో లాగాడు. గురి కుదరకుండానే వదిలాడు. తగలదనుకున్నాను. తగిలింది, దాని వెనక తొడ పైన. అది పెద్దగా అరిచింది. బాణంతోనే మక్కలోకి పరిగెత్తింది. పిల్లలు చెల్లాచెదురయ్యాయి.

దోస్తులు బావను ఎత్తినంత పని చేశారు. బావ ముఖం వెలిగిపోయింది. కల్లు పోసుకున్నారు.

“మరి అది?” అంది అక్క.

“ఏడనో పడి సస్తది. పొద్దుగూకింది, పాములుంటయ్. నడువు పోదాం” అన్నాడు బావ.

అక్క వచ్చి చాప మీద కూర్చుంది. “నేను రాను. అది సచ్చిందో బతికిందో సూసినంకనే కార్ల కూసుంట.”

బావ మొదట నవ్వాడు, తర్వాత అరిచాడు. తర్వాత, దోస్తుల ముందు పరువు తీస్తున్నావని బతిమాలాడు. అక్క కదల్లేదు. దోస్తులకు ఇళ్ళ దగ్గర పనులు గుర్తొచ్చాయి. రోడ్డు దాకా నడిచి బస్సెక్కారు. మేం ముగ్గురం కొట్టంలోనే పడుకున్నాం.

తెల్లవారగానే బయల్దేరాం. రక్తం మరకలు వెతకనక్కర్లేదు, మక్క పడిపోయిన దారే ఉంది. అది కాలువ గట్టు పక్కన పడి ఉంది. చావలేదు. డొక్కలెగరేస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయి, వెనక కాలు లేవక మళ్ళీ పడింది. కాస్త దూరంలో పొదలో పిల్లలు కదులుతున్నాయి.

“ఇంగ కొట్టు. దాని బాధ తీర్చు” అంది అక్క.

బావ బాణం పెట్టాడు. లాగాడు. రాలేదు. విల్లును పైకెత్తి, నడుం వంచి లాగాడు. సగం దాకా వచ్చి చేతులు ఆగిపోయాయి. మళ్ళీ లాగాడు. డెబ్బై పౌండ్లు కొన్న మనిషి, పది అడుగుల దూరంలో పడుకున్న జంతువు ముందు, ఆ డెబ్బై లాగలేక నిలబడ్డాడు. నలభై ఐదు అయితే లాగి ఉండేవాడేమో. నాకు నవ్వు రాలేదు. ఆ పంది ఆయన్నే చూస్తోంది. ఆయన తంటాలు పడుతుండగానే దాని డొక్కలు ఆగిపోయాయి.

బావ విల్లు కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి, “కౌలాయనకు చెప్తే కోసుకుంటడు” అన్నాడు. అక్క వెళ్ళి కారులో కూర్చుంది.

మనిషి మారాడని రాయగలిగితే బాగుండేది. నెల తిరగకముందే హోటల్లో కథ మొదలైంది. ఆడపంది మగదైంది. దానికి కోరలొచ్చాయి. ఒక్క బాణానికే కూలింది. మా బంధువుల గృహప్రవేశంలో పది మందిని చుట్టూ కూర్చోబెట్టుకొని ఆ కథే చెబుతూ, “అబద్ధమైతే మా మర్దలునడుగున్రి” అన్నాడు.

“తొడకు తగిలింది. తెల్లారేదాంక సావలే” అన్నాను.

వడ్డిస్తున్న అక్క గరిటె బకెట్లో పెట్టింది. “పిల్లల తల్లి అది. పిల్లలేమైనయో ఎవరికీ ఎరుక లేదు” అంది. ఆ తర్వాత ఆమె ముందు మాత్రం బావ ఆ కథ ఎత్తలేదు. హోటల్లో ఆపలేదు.

ఏ పంట కోసం పందిని కొట్టాడో ఆ చేనును మరుసటేడు ప్లాట్లకు ఇచ్చేశాడు. మక్క ఉన్నచోట తెల్ల రాళ్ళు పాతారు. విల్లు హాల్లో గోడకెక్కింది. ఎవరైనా దించి లాగుతామంటే తాడు పాడవుతుందనేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది అందరూ ఫ్లెక్సీలు కట్టుకుంటుంటే బావ కూడా ఒకటి కట్టించాడు. మిలటరీ చొక్కా, నుదుట గులాబీ గులాల్, చేతిలో విల్లు; కింద రాష్ట్ర ప్రజలకు శుభాకాంక్షలు. ఫోటోలో తాడు చెవి దాకా లాగి ఉంది. అది స్టూడియోలో కంప్యూటర్ మీద లాగించారని అక్క నాకు ఫోన్లో చెప్పింది. మొదటి వానలకే ఆ ఫ్లెక్సీ ఊడిపోయింది. వాళ్ళ సందు చివర ఇస్త్రీ చేసే ఆయన దాన్ని తెచ్చి బండి మీద కప్పుకున్నాడు. రంగు లోపలివైపు ఉండేటట్టు తిప్పి కప్పాడు.