ఒకటే పొయ్యి, రెండు గుమ్మాలు

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే పొట్టు పొయ్యి కూరడం నా పని. రంపపు పొట్టు తెలుసు కదా... కలప అడితిలో దుంగలు కోస్తుంటే రాలేది. గోనెసంచితో తెచ్చుకునేవాళ్లం. రేకు డబ్బా మధ్యలో గుండ్రటి కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి, పిడికిలితో గట్టిగా కూరి, కర్రను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. చెయ్యి వణికిందా... మొత్తం లోపలికి కూలిపోతుంది. ఇక ఇల్లంతా పొగే!

"ఏమ్మే రాణీ, నిన్నటిలా కూలబెట్టావంటే నీ జడ కోసి పొయ్యిలో పెడతా!" అని అరుస్తూ వచ్చేది సుబ్బులు పిన్ని, నెత్తి మీద ఖాళీ చేపల తట్టతో.

"నువ్వు కాసేపు నోరు మూస్తే పొయ్యి దానంతటదే మండుద్ది పిన్నీ!"

పిన్ని అంటే సొంత పిన్ని కాదు. మా పక్క గుమ్మం. బాబాయి పోయాక ఒక్కతే ఉండేది. విజయవాడలో కాలువ గట్టు మీద మావి వరస ఇళ్లు... మా నాన్న వాళ్లు దివిసీమ వైపు నుంచి పనుల కోసం వచ్చి, ముళ్లపొదలు కొట్టి, కాలువలో తీసిన మట్టి మోసి పోసుకుని కట్టుకున్నవి. రిక్షావాళ్లు, ముఠా కూలీలు, చేపలమ్ముకునేవాళ్లు... అందరం అక్కడే.

పొట్టు పొయ్యితో ఒక చిక్కుంది. ఒకసారి అంటిస్తే మూడు గంటలు మండుతూనే ఉంటుంది, మధ్యలో ఆర్పడం కుదరదు. ఒక్క ఇంటి వంటకు అంత సెగ దండగ. అందుకే మా రెండు గుమ్మాలకీ కలిపి ఒకటే పొయ్యి. ముందు అమ్మ అన్నం వార్చేది, తర్వాత పిన్ని పులుసు పెట్టేది, చివర్లో అందరి స్నానాలకూ నీళ్లు...

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సర్వేవాళ్లు వచ్చారు. గట్టు ఖాళీ చేయించి పార్కు కడతారట. ఇల్లున్న ప్రతివాళ్లకీ ఊరవతల ఫ్లాటు ఇస్తారట. ఆ పూట నాన్న పనిలో ఉన్నాడు, పిన్ని బజారుకెళ్లింది. అమ్మా నేనూ పొయ్యి దగ్గర ఉన్నాం.

"ఈ రెండు గుమ్మాలూ ఎవరివమ్మా?" అని అడిగాడు వాళ్లలో ఒకాయన.

"ఒకటి మాదండి, ఒకటి మా చెల్లెలిది."

"మీరూ ఆవిడా వేరేనా?"

ఇక్కడే అయిపోయిందండీ అంతా. మా గట్టు మీద 'వేరు' అంటే ఇంకో ఇల్లని కాదు... దెబ్బలాడుకుని, మొహాలు చూసుకోకుండా విడిపోయారని. వేరుపడ్డారంటే పదిమందిలో తలవంపులు.

అమ్మకు రోషం వచ్చింది. "అదేం మాటండీ! మాకు వేరేంటి? ఒకటే పొయ్యి. ఒకటే ఇల్లనుకోండి!"

ఆయన అలాగే అనుకున్నాడు. మా తలుపు మీద సుద్దతో నంబరు వేశాడు. పిన్ని తలుపు మీద ఏమీ వేయలేదు.

ఆ సాయంత్రం అమ్మ పిన్నితో గొప్పగా చెప్పింది కూడా... "ఎవడో వచ్చి మనల్ని వేరా అంటాడేంటే! బాగా గడ్డి పెట్టా!" ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

రాస్తుంటే మధ్యలో నా కొట్టుకి బేరం వచ్చింది, జాకెట్టు గుడ్డ చించిచ్చి మళ్లీ రాస్తున్నా...

తర్వాత ఫ్లాట్లు వచ్చినవాళ్ల జాబితా అంటించారు. నాన్న పేరు కింద 'కుటుంబ సభ్యులు నలుగురు' అని ఉంది. మేం ముగ్గురమే. నాలుగో మనిషి పిన్ని! రేషను కార్డు చూపిద్దామంటే ఆమె పేరు ఇంకా అత్తగారి ఊరి కార్డులోనే ఉంది.

అమ్మ ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కిందో... కాగితాలు చదవడానికి నన్ను వెంటబెట్టుకెళ్లేది. జన్మలో అనని మాట అక్కడ పదేపదే అంది. "మేం వేరండీ... బాబూ, ఆమె వేరు, మేం వేరండీ..." పిన్ని పక్కనే తల వంచుకుని నిలబడేది.

"అప్పుడు ఒకటే అన్నావు. ఇప్పుడు ఇంకో ఫ్లాటు కోసం వేరంటున్నావా?" అన్నారు. వాళ్లని అని ఏం లాభం... చెప్పిందే రాసుకున్నారు.

పొక్లెయిను వచ్చిన రోజు రెండు గుమ్మాలూ ఒక్క దెబ్బకే పడ్డాయి.

పిన్నిని మాతోనే ఫ్లాటుకు తీసుకెళ్లాం. ఉంది, ఒక ఇరవై రోజులు. మూడో అంతస్తు. చేపల తట్టతో బస్సెక్కనివ్వరు, ఆటోవాళ్లు వాసనంటారు. పని లేక కిటికీ దగ్గర కూర్చునేది. ఒకరోజు చీరలు మూటగట్టుకుని, అవనిగడ్డ వైపు తమ్ముడింటికి పోతానంది.

బస్టాండులో అమ్మ ఏడ్చేసింది. "నా నోరు పడిపోను... ఆ మాట ఎందుకన్నానే సుబ్బులూ!"

"ఊరుకో అక్కా. వేరని చెప్పుంటే అప్పుడు తిట్టేదాన్ని నిన్ను. ఫ్లాటులో కాలు మీద కాలేసుక్కూర్చుని మరీ తిట్టేదాన్ని!" అని నవ్వించబోయి, తనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తర్వాత రెండు మూడుసార్లు ఫోను చేసింది, అంతే. పిన్ని చనిపోయిన సంగతి నెల దాటాక చేపల మార్కెట్లో ఎవరో అంటే తెలిసింది. కాగితాల్లో మాత్రం మేం ఒకే కుటుంబం... మాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు గవర్నర్‌పేటలో నాకు చిన్న మ్యాచింగ్ సెంటరుంది. రోజూ స్కూటీ మీద ఆ గట్టు మీదుగానే వస్తాను. బాగుంది, అబద్ధమెందుకు... టైల్స్ వేశారు, పూలమొక్కలు పెట్టారు, పొద్దున్నే వాకింగ్ చేస్తుంటారు. మా ఫ్లాటులోనూ కుళాయి తిప్పితే నీళ్లు. వానొస్తే సామాన్లు మంచమెక్కించే బాధ లేదు. ఇవన్నీ వద్దని నేననను.

కానీ అమ్మ... ఎదురు ఫ్లాటావిడ కూర తెచ్చిస్తే, అమ్మ ఆవిణ్ణి గుమ్మంలోనే నిలబెడుతుంది. కూర మా గిన్నెలోకి ఒంపుకుని, వాళ్ల గిన్నె కడిగి, తుడిచి, అప్పటికప్పుడే చేతిలో పెట్టేస్తుంది. "తర్వాత ఇద్దురు లెండి ఆంటీ" అని ఆవిడ ఎంత చెప్పినా వినదు. "ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలమ్మా" అంటుంది.

మీ వైపు, గిన్నె తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయా అండీ? ఉంటే ఏ వీధో, ఎవరి గిన్నె మీ ఇంట్లో ఉండిపోయిందో కింద రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.