ఖనిజం బండిలో పురిటికి

మావారు బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి వెళ్లే లైన్లో, అడవి మధ్య ఒక చిన్న స్టేషన్‌కి మాస్టరు. అక్కడ నాకు మాటాడే తోడే లేదు. తొలికాన్పుకి విజయనగరం బయల్దేరకముందే నొప్పులు మొదలయ్యాయి. వానలకి రోడ్డు తెగింది, పాసింజరు రద్దయింది.

మావారు ఎర్రజెండా చూపి ఖనిజం బండిని ఆపేశారు.

“రేవులో జపాను ఓడ కాసుకునుంది మాస్టారూ! బండాపితే మనిద్దరికీ మాటొస్తాది,” అన్నాడు గార్డు.

“రానీ బాబూ. నా బదులు డ్యూటీ చూసే రిలీవరు లేడు, నేను కదల్లేను. నువ్వే ఈమెని జగదల్‌పూర్ ఆస్పత్రికి చేర్చాలి.”

గార్డు నన్ను బండి చివరనున్న తన పెట్టెలోకి ఎక్కించుకున్నాడు. మావారే పచ్చజెండా ఊపి పంపించారు.

సాయంత్రానికి పాప పుట్టింది. తండ్రి ఏడని నర్సు హిందీలో అడిగింది. “డ్యూటీ” అన్నాను. అంతకు మించి చెప్పే భాష రాక, గోడవైపు తిరిగి ఏడ్చాను. సంతోషం చెప్పుకోవడానికి ఒక్క మనిషైనా లేని కాన్పు పగవాళ్లకి కూడా వద్దు.