పురుగు ముట్టింది

ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు ఒక్క అక్షరం రాదు. తమిళనాడులో కల్లావి అవతల మా ఊళ్లో బడి ఉండేది. బడిలో అరవం, ఇంట్లో తెలుగు. రెండు నెలలు వెళ్లానేమో, చెల్లెలు పుట్టింది, దాన్ని ఎత్తుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. పెళ్లయి హోసూరు వచ్చాక, నా కూతురు నాలుగో తరగతి చదివేటప్పుడు దాని పలక మీదే అరవ అక్షరాలు దిద్దుకున్నాను. ఎనిమిది, పది, పన్నెండు ప్రైవేటుగా కట్టాను. పన్నెండు రెండోసారికి గట్టెక్కింది. ఇంగ్లీషు అక్షరాలు ఆ దారిలోనే వచ్చాయి. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న తెలుగు మాత్రం అన్నిటికంటే చివర వచ్చింది. పక్కింటి తెలుగు టీచరమ్మ ఈ రెండేళ్లలో నేర్పింది. అందుకే ఇన్నాళ్లూ ఇది రాయలేకపోయాను. రాయకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఇది రాయాలంటే నేను చేసిన ఒక తప్పు రాయాలి, ఆ తప్పు జరిగింది కూడా రాతలోనే.

నలభై నాలుగో ఏట కృష్ణగిరిలో ఒక ఏడాది కోర్సు చేశాను. అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని, ఆసుపత్రి చేరేదాకా చూసుకునే పని అది. క్లాసులో అందరూ ఇరవై ఏళ్లవాళ్లు. మొదట్లో అక్కా అన్నారు, పరీక్షల నాటికి ఆంటీ అన్నారు. చేతి పనిలో నాకు భయం లేదు. నాడి చూడడం, విరిగిన కాలికి బద్ద కట్టడం త్వరగానే వచ్చాయి. బొమ్మ ఛాతీ మీద నొక్కే పరీక్షలో అందరికంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. పార పట్టిన చేతులు కదా. నా భయమంతా కాగితం దగ్గరే. ఇంగ్లీషు మాటను నేను ఒక్కొక్క అక్షరం పేర్చుకుని చదువుతాను. అందుకని ఒక నోటుబుక్కులో ఒక పక్క మా తెలుగు మాట అరవ అక్షరాల్లో, దానికి ఎదురుగా ఇంగ్లీషు మాట రాసుకుని బట్టీ పట్టాను. తలనొప్పి, హెడేక్. వాంతి, వామిట్. పురుగు, ఇన్సెక్ట్. బస్సులో, పొయ్యి దగ్గర, బట్టలు ఉతుకుతూ ఇదే పాఠం.

సర్టిఫికెట్ చేతికొచ్చాక హోసూరులో నాలుగు చోట్ల అడిగాను. వయసు విని వద్దన్నారు. ఒక చోట కుర్చీలో కూర్చున్నాయన, "నువ్వు స్ట్రెచర్ ఎత్తుతావా, లేకుంటే నిన్నే స్ట్రెచర్లో ఎత్తాల్నా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి బయటికి వచ్చాను.

ఐదోది కృష్ణగిరిలో. హైవే పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక బండి. ఆ అంబులెన్సు సర్వీసు నడిపేది రిటైరైన నర్సమ్మ. సర్టిఫికెట్ చూడకుండా నా చేతులు తిప్పి చూసింది.

"మూడు దినాలు బండెక్కు," అంది. "మూడో దినం సాయంత్రం చెప్తా, ఉంచుకొనేదా పంపించేదా అని. బండి పోయిన ప్రతిసారీ షీటు రాయాల. పైది ఆసుపత్రికి, కింది కార్బను కాపీ నాకు. నేను ఒక్కొక్కటీ చదువుతా."

ఆ ఆఖరి మాట విని, ఆ రాత్రి నోటుబుక్కు మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టాను.

మొదటి రెండు రోజులు చిన్న పనులే వచ్చాయి. డయాలిసిస్‌కు ఒక పెద్దాయనను తీసుకెళ్లి తీసుకొచ్చాం. మెట్ల మీద జారిన ఒక ముసలమ్మను చేర్చాం. షీటు రాయడానికి నాకు పదేసి నిమిషాలు పట్టేది. డ్రైవరు నాకంటే పెద్దవాడు, ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాడు. నేను రాస్తున్నంతసేపూ స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసేవాడు. "ఏమ్మా, షీటు రాస్తా ఉండావా, పెండ్లి పత్రిక రాస్తా ఉండావా?" అనేవాడు.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు ఫోను వచ్చింది. కావేరిపట్టణం దగ్గర ఒక పల్లె. ఆవులకు వెయ్యడానికి గడ్డివామి లోంచి రాగి గడ్డి లాగుతుంటే ఒకావిడ చేతికి పురుగు ముట్టిందని ఆమె భర్త చెప్పాడు.

మా వైపు పాము కరిచింది అని ఎవరూ అనరు. ఆ పేరు ఎత్తితే అది మళ్లీ ఇంటికి వస్తుందని భయం. పురుగు ముట్టింది అంటారు. అరవం మాట్లాడేవాళ్లూ పూచ్చి కడిచింది అనే అంటారు. మా నాయన తమ్ముడు అట్లా పోయినప్పుడు కూడా, శవం ముందు కూర్చుని ఏడ్చినవాళ్లు ఒక్కరూ ఆ పేరు ఎత్తలేదు. ఫోనులో ఆ మాట వినగానే డ్రైవరుకూ నాకూ ఏమిటో తెలిసిపోయింది. ఆయన సైరను వేశాడు.

ఆవిడకు నా వయసే ఉంటుంది. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టారు. కుడిచేతి బొటనవేలి కింద రెండు చుక్కలు, మణికట్టు దాకా వాపు. మోచేతి పైన తువ్వాలుతో గట్టిగా కట్టి ఉంచారు. గట్టిగా కట్టిన కట్టు ఒక్కసారిగా విప్పకూడదని, డాక్టరు దగ్గరే విప్పాలని మాకు చెప్పారు, కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. చేతికి బద్ద కట్టి కదలకుండా పెట్టాను. ఉంగరం, గాజులు తీశాను. ముట్టిన సమయం అడిగాను. "పొద్దు ఇంకా నెత్తికి రాలేదు, పది దాటింటాది," అన్నాడు భర్త. కనురెప్పలు వాలుతున్నాయా చూశాను. చిగుళ్లు చూశాను. పళ్ల సందుల్లో సన్నగా ఎర్రగా కనిపించింది. విషం రక్తంలోకి ఎక్కితే చిగుళ్ల నుంచి రక్తం కారుతుందని కోర్సులో చెప్పారు.

"నేను చచ్చిపోతానా అమ్మా?" అని అడిగింది బండిలో.

"ఎవురు చెప్పినారు? నాతో మాట్లాడతా ఉండు. ఎన్ని ఆవులు మీకు?"

"రెండు. ఒకటి సూడిది." కాసేపాగి భర్త వైపు తిరిగింది. "దానికి గడ్డి వేసినావా?"

"గమ్మున ఉండు," అన్నాడు ఆయన. "ఆవే ఎక్కువైపోయింది నీకు ఇప్పుడు."

బండి ఊగుతోంది. ఒక చేత్తో ఆమె నాడి, ఇంకో చేత్తో షీటు పట్టుకున్నాను. పేరు, వయసు, నాడి, బీపీ, సమయం రాశాను. కంప్లెయింట్ అన్న గడి దగ్గరికి వచ్చాను. కృష్ణగిరి ఇంకా ఐదు నిమిషాలు ఉంది. గడి ఖాళీగా ఉంటే నర్సమ్మ నన్ను ఉంచుకోదు. భర్త ఇంకోసారి ఎవరికో ఫోనులో చెబుతున్నాడు, పురుగు ముట్టింది, పురుగు ముట్టింది అని. నా పెన్ను కదిలింది. ఒక్కొక్క అక్షరం సరిగ్గా పేర్చుకుంటూ రాశాను. స్పెల్లింగు తప్పు లేకుండా రాశానని నాకు సంతోషం కూడా కలిగింది.

ఆసుపత్రిలో ఆ రోజు చాలా రద్దీ. ముందు గదిలో ఉన్న నర్సు కొత్తమ్మాయి, దూరపు ఊరు. నా చేతిలోంచి షీటు తీసుకుని చదివింది. భర్త కూడా పూచ్చి అనే చెప్పాడు. ఆ అమ్మాయి తల ఊపి, వరసలో ఉన్న బెంచీ చూపించి, డాక్టరు పిలుస్తాడు కూర్చోండి అంది. నేను ఆమెను కూర్చోబెట్టాను. అక్కడ నాకు ఏదో తేడా అనిపించింది. కానీ పెద్ద ఆసుపత్రి, చదువుకున్నవాళ్లు, వాళ్లకు తెలియదా అనుకున్నాను. స్ట్రెచరు తోసుకుంటూ బండి దగ్గరికి వచ్చి తుడవడం మొదలుపెట్టాను.

డ్రైవరు టీ గ్లాసుతో వచ్చాడు. "లోపలికి ఎత్తుకొనిపోయినారా?"

"బెంచీ మీద కూచోబెట్టినారు."

"బెంచీ మీదనా?" గ్లాసు పక్కన పెట్టాడు. "పురుగు ముట్టిన మనిషిని ఎవురైనా బెంచీ మీద కూచోబెడతారా? ఏం రాసిచ్చినావమ్మా నువ్వు?"

షీట్ల పుస్తకం తెరిచాను. కార్బను కాపీ మీద ఊదారంగు అక్షరాలు. నేను వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా పేర్చుకుని చదివాను. ఇన్సెక్ట్ బైట్.

నాకు తెలుసు. ఫోను వచ్చినప్పుడే తెలుసు. బద్ద కట్టినప్పుడు, చిగుళ్లు చూసినప్పుడు, దారి పొడవునా ఆమెను పాము కరిచిందనే చూసుకున్నాను. రాసే చోట మాత్రం నోట్లో ఉన్న మాటను నోటుబుక్కులో ఉన్నట్టు దింపేశాను.  ఆసుపత్రి గుమ్మం దాకా పరుగెత్తి, అక్కడ ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో సరిగ్గా చెప్పలేను. మూడు ఊపిరులు అనుకుంటాను. లోపలికి వెళ్లి నేనే తప్పు రాశానని చెబితే పని పోతుంది. ఆ సంగతి తలుచుకోవడానికి ఆ మూడు ఊపిరులు వాడుకున్నాను. అది దాచి ఈ కథ రాయడం ఇష్టం లేదు.

తరువాత గట్టిగా అరిచాను. "పాము! ఆయమ్మను పాము కరిచింది! నేను తప్పు రాసినాను!"

వరసలో ఉన్నవాళ్లంతా తిరిగారు. ఒక ముసలాయన కాళ్లు బెంచీ మీదికి లాక్కున్నాడు. భర్త లేచి నా మీదికి వచ్చాడు. "ఆ పేరు ఎత్తొద్దమ్మా! ఈడ ఎత్తొద్దు!" అన్నాడు. నేను ఇంకోసారి ఎత్తాను. ఆ కొత్త నర్సు అప్పటికే డాక్టరు గది తలుపు తోసింది.

ఆవిడను లోపలికి తీసుకెళ్లి, రక్తం తీసి గాజు గొట్టంలో పోసి నిలబెట్టారు. ఇరవై నిమిషాలకు గడ్డకట్టాలి. డాక్టరు గొట్టాన్ని పక్కకు వంచాడు. నీళ్లలా జారింది. అప్పుడు అందరూ ఒక్కసారిగా కదిలారు. మంచం వచ్చింది, మందు సీసాలు వచ్చాయి. నన్ను పక్కకు నెట్టారు. వెళ్తూ డాక్టరు అడిగాడు, బెంచీ మీద ఎంతసేపు ఉందని. పదిహేను నిమిషాలు అన్నాను. ఆయన అక్కడే ఆగి షీటు మీద ఆ పదిహేను రాసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు హైవే ఎక్కాక అన్నాడు, "ఆ కింది కాపీలో గీత కొట్టి సరిగ్గా రాసెయ్. నర్సమ్మకు ఏం తెలస్తాది? నేనేం చెప్పను."

పెన్ను తీశాను. స్నేక్ అని రాయబోయి, ఇన్సెక్ట్ పక్కన ఎస్ అని ఒక్క అక్షరం రాశాను. ఊదారంగు పక్కన నీలం అక్షరం కొట్టొచ్చినట్టు కనిపించింది. చెయ్యి ఆగిపోయింది. ధైర్యం వచ్చి ఆగలేదు. పట్టుబడతానని ఆగింది.

సాయంత్రం నర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తిప్పింది. వేలు ఆ గడి మీద ఆగింది.

"ఈ ఎస్ ఏంటికి?"

మొత్తం చెప్పాను, ఎస్ సంగతి కూడా. ఆమె కళ్లజోడు తీసేసింది.

"నువ్వు పుట్టింది యాడ?"

"కల్లావి అవతలమ్మా."

"నేనూ ఆ పక్కే. పురుగంటే ఏమో ఆ నర్సు పిల్లకు తెలీకపోతే సరే. నీకు తెలుసు గదా?"

"తెలుసమ్మా."

"తెలిసీ రాసినావా?"

"చెయ్యి రాసేసిందమ్మా."

"అట్లయితే చెయ్యిని పనిలో పెట్టుకోవాల్నా, నిన్ను పెట్టుకోవాల్నా?"

 షెడ్డు బయట డ్రైవరు బండి కడుగుతున్న నీళ్ల చప్పుడు ఆగిపోయింది. వింటున్నాడని తెలిసింది.

"రేపు పొద్దున్నే రా," అంది ఆమె పుస్తకం మూసి. "ముందు ఆయమ్మ బతకనీ. నీ పని సంగతి ఆమీద."

హోసూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పని పోతే పోయింది అనుకోవడానికి ప్రయత్నించాను, కుదరలేదు. ఆవిడ బతకాలి అనుకున్నప్పుడల్లా దాని వెనకే నా పని కూడా వచ్చి నిలబడేది. రెండింటినీ విడదీసి కోరుకోవడం నాకు చేతకాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొయ్యి మీద సంగటి అడుగంటింది.

మరునాడు పొద్దున ఐదు గంటల బస్సెక్కాను. షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి నర్సమ్మ ఫోనులో ఉంది. మాట్లాడుతూనే నన్ను చూసి, చూడనట్టే తల తిప్పుకుంది. నేను బండిని ఆనుకుని నిలబడ్డాను.

ఫోను పెట్టేసింది. "రక్తం గడ్డ కడతా ఉండాదంట. చెయ్యి వాపు తగ్గేదానికి దినాలు పడతాది. మనిషి మాట్లాడతా ఉందంట, ఆవుకు గడ్డి వేసినారా అని అడగతా ఉందంట." టేబుల్ సొరుగు లోంచి రెండు పేజీల ఇంగ్లీషు ఉద్యోగ ఒప్పందం తీసి నా ముందు పెట్టింది. "ఇంకమీద నువ్వు రాసిన షీటు ఆసుపత్రిలో ఊరికే చేతికి ఇచ్చేది కాదు. గట్టిగా చదివి, ఇదే జరిగింది అని నీ నోటితో చెప్పి ఇయ్యాల. ఒప్పుకుంటే సంతకం పెట్టు."

పెన్ను ఇచ్చింది. నేను వెంటనే పెట్టలేదు. కాగితం వెలుగులోకి జరుపుకుని, మొదటి వరస మీద వేలు పెట్టి, పైకి వినిపించేలా చదవడం మొదలుపెట్టాను.  డ్రైవరు వచ్చి, "అయ్యో, ఇదీ పెండ్లి పత్రికేనా," అని టీకి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేసరికి ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను. నర్సమ్మ తొందర పెట్టలేదు. పదకొండో వరసలో ఒక మాట అర్థం కాలేదు. దాని మీద వేలు అలాగే ఉంచి, ఇదేమిటమ్మా అని అడిగాను.