పండగకి ముందు వండిన పప్పు

వంట విషయంలో నాకు వినయం లేదు. ఉన్నట్టు నటించడమూ చేతకాదు. పాడేరులో మా భోజనాల హోటల్‌కి బోర్డు లేదు, మెనూ కార్డు లేదు. ఫోన్లో వెతికితే దొరకదు. అయినా పన్నెండు దాటేసరికి బెంచీలు నిండిపోతాయి. అరకు నుంచి లంబసింగి పోతూ ఆకలేసి మధ్యలో దిగిన టూరిస్టులు "బొంగులో చికెన్ ఉందా ఆంటీ?" అని అడుగుతారు. లేదంటాను. ఉన్నది తినండి, తిన్నాక మాట్లాడండి అంటాను. తిన్నాక ఎవరూ ఏమీ మాట్లాడరు, విస్తరి కాస్త ముందుకి జరుపుతారు. మా హోటల్లో మారు వడ్డించమని చెప్పడం అంతే. నోరు ఖాళీగా ఉంటే కదా అడగడానికి!

అలా విస్తరి ఎప్పుడూ జరపని మనిషి ఒకావిడ ఉండేది. అడ్డాకుల విస్తళ్ళు కుట్టి, సంతనాడు కట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చేది. అరవై దాటిన మనిషి. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను గుంటా అనేది, పిల్లా అన్నట్టు. కట్ట దించి, చేతులు కడుక్కుని, మొదటి బెంచీలో గోడవారగా కూర్చునేది. వడ్డించినది మెతుకు మిగలకుండా తినేది. విస్తరి మడిచి లేచేది. బాగుందని కానీ బాగులేదని కానీ ఒక్క మాట ఉండదు. పెళ్ళయి వచ్చిన మొదటి రెండేళ్ళూ నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్క మాటంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? మా అత్తగారిని అడిగితే, "ఆవిడంతే, నువ్వు వడ్డించు" అనేది.

ఏడేళ్ళ కిందట, ఎండలు మొదలయ్యే రోజుల్లో, అత్తగారు కంటి ఆపరేషన్‌కి అనకాపల్లి వెళ్ళింది. వంటిల్లు పూర్తిగా నా చేతికొచ్చింది. అదే వారం సరుకులకి కిందికెళ్ళిన మా ఆయన, చోడవరం దగ్గర మా పుట్టింటి చెట్టువి ఒక బుట్టెడు పచ్చి మామిడికాయలు తెచ్చాడు. తొడిమ దగ్గర సొన ఇంకా ఆరలేదు. ఆ వాసనకే నా నోట్లో నీళ్ళూరాయి. చుట్టూ కొండల మీద చెట్లన్నీ కాయతో వంగిపోతున్నా మా అత్తగారు ఆ రోజుల్లో పప్పులో చింతపండే పిసికేది. అది పిసినారితనమని నాలో నేను రెండేళ్ళు నవ్వుకున్నాను. అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు చూపిస్తాను వంటంటే ఏమిటో అనుకున్నాను.

సంతనాడు తెల్లారే కందిపప్పు వేయించి ఉడకేశాను. మామిడికాయ ముక్కలు టెంకతో సహా పడేశాను. వెల్లుల్లి, ఎండుమిర్చి, కాస్త ఇంగువ, కరివేపాకు దూసి పోపు పెట్టాను. పక్కన నెత్తళ్ళ వేపుడు, ఉలవచారు. ఓలమ్మా, ఆ పప్పు ఎలా కుదిరిందో ఇప్పటికీ చెప్పగలను. ఇవాళ ముసలావిడ నోరు తెరవకపోతే నా పేరు మార్చుకుంటాను అనుకున్నాను.

ఆవిడకే మొదట వడ్డించాను. గరిట పట్టుకుని ఎదురుగానే నిలబడ్డాను. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. కళ్ళెత్తి నన్ను చూసింది. ఆ ముద్ద మింగేసింది. మిగతా అన్నం అలాగే ఉంచి విస్తరి మడిచి, లేచి వెళ్ళిపోయింది. పక్కనే కూర్చున్న, కొండ మీద కాఫీతోట ఉన్న ఒక పెద్దాయన ముద్ద కలపబోతూ ఆగి, "ఈ పప్పులో ఏటేసినావమ్మా?" అన్నాడు. మామిడికాయ అన్నాను, గొప్పగా. అంతే, కొండ మీంచి వచ్చిన వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు లేచిపోయారు.

"ఏం, పురుగులున్నాయా నా పప్పులో?" అని అరిచాను. నా కోపం నాకు తెలుసు, ముందు అరిచాకే ఆలోచిస్తాను. పెద్దాయన మాత్రం నెమ్మదిగా చెప్పాడు. కొండ మీద ఏ కొత్త కాయైనా, ఏ కొత్త గింజైనా ముందు ఊరి దేవతకి పెడతారు. తర్వాత ఒకరోజు ఊరంతా కలిసి తింటారు. దాన్ని కొత్త అంటారు. మామిడి కొత్త అయ్యేదాకా మామిడికాయ నోట పెట్టరు. ఆ పండగ ఇంకా కాలేదు.

"ఇవి మీ కొండ కాయలు కావు కదా, మా పుట్టింటివి!" అన్నాను.

"కాయ ఎక్కడిదైతే ఏటమ్మా, నోరు మాది కదా" అన్నాడు. ఆగి, "మేం తిన్నేదు. ఆవిడే మింగేసింది, పాపం" అన్నాడు.

ఆ సాయంత్రం గుండిగెడు పప్పు పారబోస్తూ ఏడ్చాను. తర్వాతి సంతకి విస్తళ్ళ కట్ట వచ్చింది కానీ ఆవిడ రాలేదు, వేరే ఎవరితోనో పంపింది. గోడవారన ఆ చోటు ఖాళీగానే ఉంది. నా చేతి అన్నం ఆవిడ ఇక తినదేమో అన్న భయం పట్టుకుంది. అత్తగారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "నువ్వడగలేదు, నేను చెప్పలేదు. తప్పు ఇద్దరిదీను. వెళ్ళి ఆవిడకి కనపడు" అంది.

మర్నాడు ఒక కోడిపెట్టని చంకన పెట్టుకుని జీపెక్కాను. వాళ్ళ ఊరికి పోయే మలుపు దగ్గర దిగి గంటసేపు నడిచాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆకులు కుడుతోంది. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పేశాను. ఆవిడ అంతా విని, కోడిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెట్ట బాగుంది. గుడ్లు పెడతాది, కొయ్యను" అంది. "బేగి కాళ్ళు కడుక్కో, తిందువు."

సామల అన్నం పెట్టింది. ఎండబెట్టి దాచిన లేత వెదురుకొమ్ముల కూర, నల్ల నువ్వుల్లా ఉండే వలిసెలు రోట్లో నూరిన పచ్చడి, ఆఖర్న చల్లటి చోడి అంబలి, అదే రాగి అంబలి. ఆ పచ్చడిలో వలిసెలు, మిరపకాయలు, ఉప్పు తప్ప ఇంకేం లేదు. వినయం లేదని చెప్పిన దాన్ని, నోరు మూసుకుని మూడుసార్లు పెట్టించుకున్నాను. అలాంటి పచ్చడి ఈరోజు దాకా నాకు కుదరలేదు.

తిన్నాక అడిగాను. "పెద్దమ్మా, నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది కదా. ఉమ్మేయకపోయావా?"

"నువ్వు గరిటట్టుకుని నా మొకమే సూస్తన్నావు" అంది. "నీ ముందర నీ వంట ఉమ్మేత్తే నీకెలాగుంటాది, గుంటా? నాను సెయ్యగలనేటి?"

జరిగింది ఆవిడే ఊళ్ళో పెద్దలకి చెప్పేసిందట. ఏటా పండగనాడు ఆడవాళ్ళలో మొదటి ముద్ద ఆవిడది. ఈసారి అందరి తర్వాత తినమన్నారట. ఆ సంగతి కూడా ఆకు కుడుతూనే చెప్పింది. మళ్ళీ మా హోటల్‌కి వస్తావా అని అడిగాను. "పండగ కానీ" అంది. అది అవునో కాదో తెలియక కొండ దిగాను.

మామిడి కొత్త అయిపోయిందని కాఫీతోట పెద్దాయన చెప్పాడు. ఆ వారం సంతకి రెండు పప్పులు చేశాను. బెంచీల మీదికి టమాటా పప్పు, లోపల పొయ్యి పక్కన చిన్న గిన్నెలో మామిడికాయ పప్పు, మూతపెట్టి. పదకొండున్నరకి గుమ్మం దగ్గర కట్ట దించిన చప్పుడైంది. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి గోడవారన కూర్చుంది. ఆవిడ అడగనిదే రెండోది తీసే ధైర్యం చాలక టమాటా పప్పే వడ్డించాను.

విస్తరిలోకి చూసింది. నన్ను చూసింది. ముద్ద కలపలేదు.

"ఇదేటి? ఆ పప్పేదీ?"

"ఏ పప్పు పెద్దమ్మా?"

"ఆ దినం ఒక్క ముద్దే కదా తిన్నాను. పండగ ముందర దాని మాట తలుసుకోకూడదని ఎంతనుకున్నా, నోరు మరిసిపోనేదు" అంది. "తే."

లోపలికి పరిగెత్తి గిన్నె గిన్నే తెచ్చేశాను. అప్పటినుంచి ఇప్పటిదాకా, ఆ ఊళ్ళో మామిడి కొత్త కాకుండా నా వంటింట్లోకి మామిడికాయ రానివ్వను. టూరిస్టులెవరైనా అడిగితే, ఇంకా పండగ కాలేదంటాను. ఏ పండగని అడిగితే, కూర్చోబెట్టి చెబుతాను.

ఆరోజు ఆవిడ టెంక చీకి పక్కన పెట్టేదాకా గరిటతో అక్కడే నిలబడ్డాను. బాగుందని అనలేదు. వేళ్ళు నాక్కుంది. తర్వాత ఎడమచేత్తో విస్తరి అంచు పట్టుకుని, నా వైపుకి కాస్త జరిపింది.