కురవి జాతరలో చదరంగం, ఓడినవాళ్ల కొబ్బరికాయ

శివరాత్రికి మొదలయ్యే కురవి జాతరలో ఏటా ఒకరోజు చదరంగం బల్ల వేసుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్లందరితో ఆడతాను. పోయిన ఏడాది మోకాలు మొరాయించి వెళ్లలేదు. ఈసారీ ఇంట్లో వద్దన్నారు. కానీ "హర్యా పోయిన జాతరల నీ కోసం పొద్దంత ఎదురు చూసిండే" అని మహబూబాబాద్‌లో ఉండే మిత్రుడు ఫోన్‌లో చెప్పాడు. హర్యాది కొత్తగూడ దగ్గర తండా. ఏడేళ్లు నాతో ఆడి, ఏడేళ్లూ ఓడాడు. ఓడిన ప్రతిసారీ "ఏడ తప్పిన్నో చూపియ్యే" అని ఆట మొత్తం మళ్లీ పెట్టించేవాడు. ఆయన కోసమే బయలుదేరాను.

జనగామలో ఉదయం ఏడున్నర ప్రాంతంలో విజయవాడ వైపు వెళ్లే బండి ఎక్కాను. జనరల్ టికెట్ అరవై రూపాయలు. కాజీపేట దాకా నిలబడాలి, అక్కడ సగం పెట్టె ఖాళీ అవుతుంది. నా పావుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. భూపాలపల్లి వడ్రంగి ఒకాయన టేకు ముక్కలతో చెక్కి ఇచ్చాడు. నేను దర్జీని, ఆయన ఇద్దరు కొడుకులకు చొక్కాలు కుట్టినందుకు ఆ పని చేశాడు. ఆయన గుర్రాన్ని ఎప్పుడూ దగ్గరగా చూసినట్టు లేదు, నా నాలుగు గుర్రాలూ మేకల్లా ఉంటాయి. ఇరవై ఏళ్లుగా మేకలతోనే యుద్ధం చేస్తున్నాను.

తొమ్మిదిన్నరకు మహబూబాబాద్‌లో దిగి ముప్పై రూపాయలకు కురవి ఆటో ఎక్కాను. 

"గా మూటల ఏముందే తాత?" అన్నాడు డ్రైవర్.

"రెండు సైన్యాలు."

"పైలం మల్ల, నా ఆటోల కొట్లాడుకునేరు!"

గుడికి కాస్త ఇవతల మిర్చి బజ్జీలు వేసే అక్క తన పందిరి కింద నాకు ఎప్పుడూ చోటిస్తుంది. నా బల్ల దగ్గర పందేలు ఉండవు. ఓడినవాళ్లు గుడిలో గెలిచినవాళ్ల పేరు మీద కొబ్బరికాయ కొట్టించాలి, చిప్ప తెచ్చి గెలిచినవాళ్లకు ఇవ్వాలి. అంతే. ఆడే నియమాలు అట్టమీద రాసి పెడతాను. అవి మా ఊళ్లలో పెద్దలు ఆడిన పాత నియమాలు: బంటు ఒక్క గడే కదలాలి, రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు.

మధ్యాహ్నానికి రెండు ఆటలు గెలిచాను, ఒకటి ఓడాను. హర్యా కనబడలేదు. రెండు గంటలప్పుడు యాభై దాటిన ఒక తండా ఆవిడ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"జనగామ దర్జీవి నువ్వేనా అన్నా?"

"నేనే. నువ్వెవరు చెల్లె?"

"హర్యా ఇంటిదాన్ని. ఆయన వానకాలంల పోయిండు. రెండ్రోజులు జరమొచ్చింది, దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయింది."

ఆమె కూర్చుని పావులు పేర్చడం మొదలుపెట్టింది. "ఏడేండ్లు నిన్ను ఓడగొట్టిండంట కద? ఏటేటా చిప్ప తెచ్చి నా చేతుల పెడుతుండె."

ఏడేళ్ల ఆటలూ కళ్లారా చూసిన బజ్జీల అక్క గరిటె ఆపి నా వైపు చూసింది.

"అవును చెల్లె. గట్టి ఆటగాడు," అన్నాను. అక్క మళ్లీ మూకుడు వైపు తల తిప్పుకుంది.

"అయితే నాతోని ఆడు. పొద్దుగూకకముందే నాకు బస్సుంది."

ఓడిపోదామని అప్పుడే అనుకున్నాను. పదో ఎత్తులో నా ఏనుగును ఆమె శకటు దారిలో వదిలేశాను. ఆమె దాన్ని చంపలేదు. వేలితో వెనక్కి నెట్టింది. "గిట్ల పెట్టకు అన్నా. నాకు ధర్మం ఆట అద్దు."

సిగ్గేసింది. ఆపైన నిజంగానే ఆడాను. ఆమె తన భాషలో ఏదో గొణుక్కుంటూ ఎత్తులు లెక్కపెట్టుకుంది. గంట గడిచాక ఆమె రాజును మూలకు తోలి "ఆటకట్టు" అన్నాను.

"యాడ కట్టు? నీ దగ్గరికి రాకముందే ఒక పిల్లతోని నీ అట్ట చదివిచ్చిన, రాజు ఒక్కపారి గుర్రం లెక్క దూకొచ్చని ఉందన్నది. నేనింక దూకలే."

దూకింది. నా చేత్తో నేను రాసిన నియమమే మరిచాను. ఇంకో ఎనిమిది ఎత్తుల్లో నా రాజు ఆమె ఏనుగుల మధ్య ఇరుక్కుంది.

"అయిపాయె బాపు, కొబ్బరికాయకు లే," అంది బజ్జీల అక్క.

హర్యా భార్య మాత్రం లేవలేదు. "ఇగ నిజం చెప్పు అన్నా. ఆయన ఒక్కపారన్న గెలిచిండా?"

"చెప్పిన కద చెల్లె..."

"ఇంట్ల నా మీదనే ఒక్క ఆట గెల్వలె. ఆయన తెచ్చిన చిప్పలకు కుంకుమ లేకుండె. గుడిల కొట్టినదానికి కుంకుమ పెట్టరా? దుకాణంల కొని రాయికి కొట్టి తెచ్చిండు. నాకైతే అబద్ధం చెప్పిండు గని, దేవుని ముందట చెప్పలేకపోయిండు."

"ఒక్కసారి కూడా గెలవలేదు," అన్నాను.

ఆమె తలూపింది. ఇద్దరం గుడికి నడిచాం. నలభై రూపాయలకు కాయ కొన్నాను. ఎవరి పేరు మీద అని పూజారి అడిగాడు. నేను ఆమె వైపు చూశాను.

"హర్యా," అంది ఆమె. "నాకు ఆట నేర్పింది ఆయనే."

కుంకుమ పెట్టిన చిప్పను కొంగులో కట్టుకుని ఆమె బస్సెక్కింది.

సాయంత్రం బండిలో తిరిగి వస్తుంటే ఆమె ఎత్తులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూలకు తోసిన రాజును ఏనుగులతో మూసేసే పద్ధతి నేనే హర్యాకు చూపించాను, మూడో ఏటనో నాలుగో ఏటనో. గెలుపు ఇంటికి తీసుకెళ్లలేక ఆయన ఏటా ఓడిన ఆటను తీసుకెళ్లి ఆమె ముందు పరిచాడన్నమాట. రెండేళ్ల కిందట ఆయనతో ఆడిన ఆటే చివరిదని తెలిసి ఉంటే, ఇంకో గంట కూర్చునేవాణ్ని. పోయిన ఏడాది మోకాలి మాట వినేవాణ్ని కాదు.

జాతరలో బల్ల వేయాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. మీ నియమాలు అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ప్రతి ఆటకు ముందు మీరు కూడా ఒకసారి చదువుకోండి.