అత్త మెడమీది పులిపిర్లు

తెనాలిలో చర్మం డాక్టరమ్మ సెల్‌ఫోను పక్కన పెట్టి, చిన్న యంత్రంతో నా మెడమీది పులిపిరిని కాల్చింది. వెంట్రుక మాడినట్టు వాసన వచ్చింది.

"భయమేం లేదండి తాతగారూ. మెడ మడతల్లో ఒరుసుకుని వస్తాయంతే. ఈ రకం పులిపిర్లు హాని చెయ్యవు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు. వదిలేసినా పర్లేదు," అంది.

ఆ మాట నా చిన్నప్పుడు రేపల్లెలో మా అత్తకి ఎవరూ చెప్పలేదు. పిల్లల్లేని అత్త రోజూ సాయంత్రం మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పప్పన్నం కలిపి చేతుల్లో ముద్దలు పెట్టేది. ఆమె మెడనిండా ద్రాక్షగుత్తుల్లా పులిపిర్లు వేలాడేవి. అబద్ధం. మిరియపు గింజల్లాంటివి రెండో మూడో ఉండేవి. అవి అంటుకుంటాయని నేను గట్టిగా నమ్మాను.

"ఒకటి ఊడి పప్పులో పడిందిరా, నేను చూశాను," అని మిగతా పిల్లలకి చెప్పాను. అందరూ చేతులు వెనక్కి దాచుకున్నారు.

అత్త జట్కా గుర్రం తోక వెంట్రుకలు తెప్పించి, ఊడిపోతాయని పులిపిర్లకి బిగించి కట్టుకుంది. మెడ వాచి, చీము పట్టి, చివరికి అవి ఊడిపోయాయి. ఆ సాయంత్రమే ముద్ద పట్టుకుని నా ముందు కూర్చుంది.

"చూడు నాన్నా, ఏం లేవుగా. ఇప్పుడు తింటావా?"

"మచ్చలున్నాయిగా అత్తా. వాటిలోంచి మళ్ళీ వస్తాయి."

అత్త నవ్వేసి ఆ ముద్ద తనే తినేసిందని మా ఇంట్లో అందరికీ చెబుతుంటాను. నవ్వలేదు, తినలేదు. ముద్దను గిన్నెలో వేసి, లేచి చెయ్యి కడుక్కుంది. మర్నాటి నుంచి మేం ఎవరి కంచంలో వాళ్ళం తిన్నాం. నేను హాయిగానే తిన్నాను.