అప్పడాల్లాంటి బిళ్ళలు

సెల్‌ఫోన్లు ఇంకా జేబులో ఇటుకల్లా బరువుగా ఉన్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఐటీఐ పాసై, తాడేపల్లిగూడెంలో మా మావయ్య వెల్డింగ్ షెడ్డులో చేరి అప్పటికి మూడు నెలలు మరి! గ్రైండర్‌కి బిగించి ఇనుము కోసే కటింగ్ వీల్‌ని మేం బిళ్ళ అనేవాళ్ళం. ఓ రోజు మావయ్య నన్ను ఏలూరు పంపుతూ, "మొన్న నువ్వు తెచ్చినవి బిగించగానే పగిలాయి. ఈసారైనా గట్టివి చూసి పట్రా. లేదంటే ఇక షెడ్డు ఊడ్చే పనే నీకు" అన్నాడు.

దుకాణంలో మందం బిళ్ళలూ పల్చటివీ దొంతరలుగా పేర్చి ఉన్నాయి. ఎంత మందం, ఎంత వేగాన్ని తట్టుకుంటుంది, ఏ తేదీలోగా వాడాలి అన్నీ వాటిమీదే అచ్చేసి ఉంటాయి. (చదివితే కదా!) మా అమ్మమ్మ కుండ కొనేటప్పుడు వేలు మడిచి కొట్టి, మోత విని, పగులుందో లేదో తేల్చేసేది. నేనూ ఒక్కో బిళ్ళనీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టడం మొదలెట్టాను. దుకాణం ఆయన చాలాసేపు ఓపిక పట్టి, "ఏవండీ, పెళ్ళికి మేళం కుదుర్చుకుంటున్నారాండీ?" అన్నాడు. మందంవి దబ్బుమన్నాయి. పల్చటివి కాస్త ఖంగుమన్నట్టు నాకు తోచింది. పెట్టెడు పల్చటివి కొనేశాను.

మావయ్య ఒకదాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఇవి బిళ్ళలా, అప్పడాలా? ఏ నూనెలో వేయించమంటావురా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే చీపురు నా చేతికొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఆకివీడు నుంచి ఓ రొయ్యల రైతు కబురు పెట్టాడు. చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రం ఆగిపోయిందట. మేం వెళ్ళేసరికి దాన్ని గట్టుమీదకి లాగి పెట్టారు. విప్పి బాగుచేద్దామంటే స్టీలు బోల్టు పట్టేసి ఊడి రావట్లేదు. "చీకటిపడేలోగా తిరగాలండీ, లేకపోతే రొయ్యలు దక్కవండీ" అన్నాడాయన, ఏడుపొక్కటే తక్కువగా. నట్టుకీ గేరుబాక్సుకీ మధ్యనున్న కాస్త సందులోంచే బోల్టు కోయాలి. మావయ్య పాత మందం బిళ్ళ అందులో దూరనే లేదు. నేను మెల్లగా సంచీలోంచి ఓ అప్పడం తీశాను.

"ఇది తగలగానే పొడైపోద్దిరా!"

"మోత విన్నాను మావయ్యా" అన్నాను.

కళ్ళద్దాలు పెట్టుకుని, బిళ్ళని గ్రైండర్‌కి బిగించి సందులో దించాను. వెన్నలో కత్తిలా దిగింది! నట్టు ఊడి గడ్డిలో పడింది. గేరుబాక్సు బాగుచేసి కొత్త బోల్టు బిగించాక యంత్రం తిరిగి చెరువంతా నురగలు కక్కుతుంటే, రైతు నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అబ్బాయి మామూలోడు కాదండీ" అన్నాడు మావయ్యతో. మర్నాడు షెడ్డు మావయ్యే ఊడ్చాడు!

కొన్నాళ్ళకి తెలిసింది, అక్కడ పని చేసింది పల్చదనమేగానీ మోత కాదని. ఆ ముక్క మావయ్యకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పట్నుంచి ఆయన గోటితో కొట్టి వినకుండా ఒక్క బిళ్ళా కొనలేదు మరి. ఇప్పుడాయనకి చెవులు సరిగా వినబడవు. దుకాణంలో బిళ్ళ నా చేతికిచ్చి, "నువ్వు వినరా" అంటాడు. నేను కళ్ళు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని కొట్టి, "బ్రహ్మాండంగా మోగుతోంది మావయ్యా" అంటాను. (దానిమీద రాసిందంతా కళ్ళు మూసుకునే ముందే చదివేసి ఉంటాను.)